మా చిన్నాన్న కాలి నీరు

నేను టెక్కలిలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. రక్తం పాఠంలో ప్లాస్మాకూ శోషరసానికీ తేడాలు రాయమని ఒక ప్రశ్న ఉంటుంది. బోర్డు మధ్యలో నిలువు గీత గీసి ఎడమ పక్క ప్లాస్మా, కుడి పక్క శోషరసం అని రాస్తాను. ప్లాస్మా అంటే రక్తంలో ఉండే లేత పసుపు నీరు. రక్తనాళాల్లో పారుతుంది, ప్రొటీన్లు ఎక్కువ, గుండె తోస్తుంది. శోషరసం ఆ ప్లాస్మాలోంచే పుడుతుంది. నాళాల గోడల్లోంచి కణాల మధ్యకు ఊరిన నీరు, వేరే సన్నటి నాళాల్లోకి చేరితే శోషరసం. ఎర్ర కణాలు ఉండవు, ప్రొటీన్లు తక్కువ, వెనక నుంచి తోసే గుండె లేదు. పిల్లలు దీన్నంతా గీతతో సహా దించుకుంటారు. పరీక్షలో ఏం రాసినా రాయకపోయినా ఆ గీత మాత్రం స్కేలు పెట్టి గీస్తారు. గీతకు మార్కులు లేవని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా, "ఈ తేడా తెలిస్తే మాకేం ఒరుగుతుంది మేడమ్?" అని అడగలేదు. అడిగి ఉంటే నీళ్ళు నమిలేదాన్ని. ఇప్పుడు జవాబు ఉంది. ఉన్నా ఎవరూ అడగడం లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మాది ఉద్దానం. అక్కుపల్లి దగ్గర, కొబ్బరి తోటల మధ్య ఊరు. మా ఊరి పేరు చెప్పగానే బయటివాళ్ళు మొహం జాలిగా పెడతారు, కిడ్నీ జబ్బుల గురించి విని ఉంటారు కదా. ఆ జాలి మొహం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. జాలి పడినంత మాత్రాన ఎవరి కిడ్నీ బాగుపడదు. మా వాళ్ళు జాలితో కాదు, క్రియాటినిన్‌తో బతుకుతారు. రక్తంలో అది పెరిగితే కిడ్నీలు చెడుతున్నట్టు. సంతకం పెట్టడం రానివాళ్ళు కూడా ఆ మాటను తడబడకుండా పలుకుతారు. బస్సులో ఒకరినొకరు "ఏటి బావా, ఎంతొచ్చినాది?" అని పలకరించుకుంటే అది క్రికెట్ స్కోరూ కాదు, జీడిపప్పు ధరా కాదు.

మా నాన్న ఆ జబ్బుతోనే పోయాడు. ముందు కాళ్ళు వాచాయి, తర్వాత మొహం వాచింది, తర్వాత పలాసకు డయాలసిస్‌కు తిప్పాం, తర్వాత తిప్పడానికి మనిషి లేకుండా పోయాడు. అప్పటి నుంచీ మా ఇంట్లో ఎవరి కాలైనా కాస్త ఉబ్బితే ఎవరమూ కాలి వంక చూడం. గోడ మీది కేలండర్ వంక చూస్తాం.

నాన్న తరువాత నన్ను చదివించింది చిన్నాన్న. నాన్నకు సొంత తమ్ముడు. పిల్లలు లేరు. తన కొబ్బరి చెట్లు తనే ఎక్కి కాయలు దింపుకునేవాడు, ఇంకొకడు ఎక్కితే చెట్టుకు అవమానం అన్నట్టు మాట్లాడేవాడు. పొద్దున లేస్తే ఎవరితోనో ఒకరితో తగువు పడనిదే అన్నం అరగదు. మా పిన్ని పలాసలో జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పనికి ఆటోలో వెళ్ళి వస్తుంది. ఆయన తగువులన్నిటికీ ఆవిడ ఒకే జవాబు చెబుతుంది, "అలగేలే" అని. ఆ మాటతో ముప్పాతిక గొడవలు చల్లారిపోతాయి.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున చిన్నాన్న ఫోన్ చేశాడు.

"అమ్మీ, నాను ఎల్లిపోతన్నాను."

"ఎక్కడికి?"

"మీ నాన్న కాడికి. కాలు వాసింది."

నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఆ పూటంతా దొరకలేదు. కాస్త కుదుటపడి, "ఒక కాలా, రెండు కాళ్ళా?" అని అడిగాను.

"పెస్తుతానికి ఒకటే. రెండోది ఎనకాల ఒత్తంది."

పాఠం చెప్పే మనిషివి, అక్కడే తట్టలేదా అని మీరు అడగబోతున్నారు. అడక్కండి. సొంత మనిషి కాలు వాచినప్పుడు పాఠం గుర్తుకు రాదు, నాన్న మొహం గుర్తుకు వస్తుంది. ఆ ఆదివారం ఊరెళితే చిన్నాన్న మంచం మీద నడుం నుంచి పాదాల దాకా దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఆ ఉక్కలో దుప్పటి ఏమిటి, ఓసారి చూపించు అంటే ససేమిరా అన్నాడు. "సూడకమ్మీ. మీ నాన్నవి సూసినావు, సాలదా" అన్నాడు. ఆ మాట తరువాత ఇంకేం అడుగుతాను.

రక్తం పరీక్ష మాత్రం చేయించాం. పలాసలో చేయించాం. క్రియాటినిన్ ఒకటి కూడా దాటలేదు. మా ఊళ్ళో అంత తక్కువ వస్తే స్వీటు పంచాలి. చిన్నాన్న మొహం ముడుచుకుని, "మిషను పాడైపోనాది" అన్నాడు. టెక్కలిలో చేయించాడు, అంతే వచ్చింది. నందిగాంలో ఎవరో శిబిరం పెడితే అక్కడికీ వెళ్ళాడు, అక్కడా అంతే. ప్రతిచోటా ల్యాబ్ కుర్రాళ్ళతో తగువే. కిడ్నీలు బాగున్నాయని చెప్పినందుకు తిట్లు తిన్నవాళ్ళు ఈ జిల్లా మొత్తంలో వాళ్ళే అయి ఉంటారు. శిబిరంలో వెనక వరసలో ఉన్న ఒకాయన, పాపం నిజంగా జబ్బున్న మనిషి, ఇదంతా విని, "ఇంత మంచి క్రియాటినిన్ ఎట్టుకుని ఏడుత్తావేటి మావా. నాకిచ్చీ" అన్నాడట. చిన్నాన్న ఆయనతో కూడా తగువు పడబోయి, మొహం చూసి ఊరుకున్నాడు.

మూడు చోట్ల మంచి మాట చెప్పినా చిన్నాన్న చావు మీద నమ్మకం సడలలేదు. కాలు దిగలేదు కదా. డయాలసిస్ వాళ్ళు నీళ్ళు తగ్గించి తాగాలని నాన్న రోజుల్లో విన్నాడు కనుక తనూ తగ్గించాడు. ఆ ఎండల్లో రోజుకు ఒక చెంబే తాగేవాడు. ఉప్పు మానేశాడు. కొబ్బరి నీళ్ళు మానేశాడు, ఇంటి చుట్టూ అన్ని చెట్లు పెట్టుకుని. నాకు భయమూ కోపమూ కలిసి వచ్చాయి. లేని జబ్బుకు ఇలా పథ్యం చేస్తే ఉన్న కిడ్నీలు నిజంగానే పాడవుతాయని ఫోన్‌లో అరిచాను. "పోయేవోడి మీద అరవకూడదు" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ తరువాత పంపకాలు మొదలుపెట్టాడు. సైకిలు సంతబొమ్మాళిలో ఉన్న మేనల్లుడికి ఇచ్చేశాడు. మేకపోతును పక్కింటివాళ్ళకు ఇచ్చాడు. గొడుగు, పెట్రోమాక్స్ లైటు, తను ఒక్కసారి కూడా కట్టని పట్టుపంచె, ఎవరు పలకరించడానికి వస్తే వాళ్ళ చేతిలో పెట్టి పంపాడు. పలకరించడానికి వచ్చేవాళ్ళు రోజురోజుకూ ఎక్కువయ్యారు. పిన్ని ఫ్యాక్టరీ నుంచి వచ్చి ఇల్లంతా ఓసారి కలియజూసి, ఆ పూట ఏం తగ్గిందో కనిపెట్టి, "అలగేలే" అనేది.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి వాకిట్లో పెద్ద పొయ్యి మీద పనసకాయ కూర ఉడుకుతోంది. ఏదైనా శుభకార్యమా అనుకున్నాను. కాదు. తన పెద్దకర్మం రోజున పెట్టబోయే భోజనాన్ని చిన్నాన్న ముందుగా వండించి చూస్తున్నాడు.

"ఆ రోజు నానుండను గదా. కూర ఎలగున్నాదో ఎవులు సెప్తారు? మీ పిన్ని నోరిప్పదు" అన్నాడు.

వండించాడు సరే, తను ఉప్పు మానేశాడు కదా, ఉప్పు లేకుండా వండించాడు. తిని, ఇలాంటి కూర పెడితే నా పరువేం కావాలి అని పిన్ని మీద లేచాడు. మళ్ళీ ఉప్పు వేసి వండమన్నాడు. అది తను తినకూడదు కాబట్టి ఊళ్ళోవాళ్ళను పిలిచి తినిపించి, ఎదురుగా నిలబడి ఒక్కొక్కరి మొహం చూశాడు. గారెలు కూడా వేయించాడు. జనం శుభ్రంగా తిన్నారు. ఒక పెద్దాయన చెయ్యి కడుక్కుని తువ్వాలు కోసం చూస్తూ, "మంచోడు. ఉన్నన్నాళ్ళూ సెయ్యి దాసుకోనేదు" అన్నాడు. ఆ తువ్వాలు అందించింది చిన్నాన్నే. ఆయన ఎంతో తృప్తిగా తల ఊపాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. నవ్వు కూడా వచ్చింది, అది వేరే సంగతి. పిన్ని నా పక్కన కూర్చుని, "నవ్వీలే అమ్మీ. నాను రోజూ నవ్వుతన్నాను, ఆటోలో" అంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఇక్కడ జీడి నూనె సంగతి చెప్పాలి. జీడి పిక్క తొక్కలో నల్లటి నూనె ఉంటుంది. చర్మానికి తగిలితే కాలినట్టు బొబ్బ లేస్తుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకు బూడిద పూసుకుని కూర్చుంటారు, అయినా వేళ్ళు నల్లబడి పొక్కిపోతాయి. దాని జోలికి వెళ్ళకూడదని మా దగ్గర పాకే పిల్లలకు కూడా తెలుసు. ఇంక ఏం జరిగిందో చెబుతాను.

ఒకరోజు మధ్యాహ్నం మేమందరం కాలేజీ స్టాఫ్ రూములో క్యారేజీలు విప్పుకుంటున్నాం. చిన్నాన్న గుమ్మంలో కనిపించాడు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు, మొహం ఎర్రగా ఉంది. కుంటుకుంటూ వచ్చి తువ్వాలు మూట విప్పి, అందులోంచి చిన్న కళ్ళ మందు సీసా తీసి నా పెరుగన్నం పక్కన పెట్టాడు. లోపల పసుపుపచ్చని నీరు ఉంది.

మా కెమిస్ట్రీ మాస్టారు భక్తిపరులు. ఏ పుణ్యక్షేత్రం నుంచో తీర్థం తెచ్చాడనుకుని కుడి చెయ్యి దోసిలిగా పట్టి ముందుకు చాపారు. చిన్నాన్న అడిగినవాళ్ళకు లేదనే మనిషి కాదు, మూత తిప్పబోయాడు. నేను సీసా లాక్కున్నాను.

"ఏంటిది చిన్నాన్నా?"

"కాలు నీరు. మీ కాలేజీలో బూతద్దాలుంటాయి గదా, ఎట్టి సూడు. ఆల్లందరూ రత్తమే సూసినారు. రత్తంలో నీరు బాగానే ఉన్నాది. ఈ కాల్లో నీరు ఎవులు సూసినారు?"

కాల్లోంచి నీరెలా తీశావని అడిగాను. చాలా గర్వంగా చెప్పాడు. పొయ్యిలోకని పిన్ని ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన తొక్కల్లోంచి ఒకటి తీసి, చీపురు పుల్లతో ఆ నూనెను వాచిన కాలి మీద అక్కడక్కడ చుక్కలుగా పెట్టాడట. బొబ్బలు లేచాయట. పిన్ని ఫ్యాక్టరీకి వెళ్ళేదాకా ఆగి సూదితో గుచ్చి నీరు పట్టాడట. "సిరింజీ అంటే రత్తం ఒచ్చీత్తాది. ఇదైతే వట్టి నీరే" అన్నాడు. మాస్టారు చాపిన చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకుని, ఎందుకైనా మంచిదని వెళ్ళి కడుక్కున్నారు.

అప్పుడు చిన్నాన్న బెంచీ మీద కూర్చుని పంచె మోకాలి దాకా లాగి చూపించాడు. కుడి కాలు మోకాలి కింద నుంచి పాదం దాకా ఒకే లావుగా ఉంది. చర్మం ఎర్రబడి, పొక్కులు కట్టి, ముట్టుకుంటే పెనంలా కాలుతోంది. మనిషి వణుకుతున్నాడు. పక్కన ఎడమ కాలు ఉంది. అది ఎప్పటిలాగే ఎండు కర్ర ముక్క. చెట్లెక్కి చెట్లెక్కి నరాలు తేలిన కాలు. దానికి వాపు గీపు ఏమీ లేదు.

రెండు కాళ్ళూ పక్కపక్కన చూడడం నాకు అదే మొదటిసారి. కిడ్నీల వాపు సాధారణంగా రెండు కాళ్ళకూ సమానంగా వస్తుంది. ఇన్ని వారాలు ఒక్క కాలికే అంటిపెట్టుకుని, ఇంకో కాలి వైపు కన్నెత్తి చూడని వాపు వేరే ఉంది. నేను ఏటా బోర్డుకు కుడి పక్క రాసేది దాని గురించే. ఆయనకు ఏమీ చెప్పకుండా ఆటో పిలిచి డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. పిన్నికి ఫోన్ చేస్తే చేతుల బూడిదతోనే పలాస నుంచి వచ్చేసింది.

డాక్టరు గారు కాలు నొక్కారు, గజ్జల దగ్గర చూశారు, కాలి వేళ్ళ మధ్య చూశారు, చిన్నాన్న తెచ్చుకున్న రిపోర్టుల కట్ట తిరగేశారు.

"కిడ్నీలకు ఏమీ లేదు. నావాటికన్నా నీవే బాగున్నాయి. ఇది బోదకాలు" అన్నారు.

చిన్నాన్న రిపోర్టుల కట్ట వెనక్కి లాక్కున్నాడు.

"ఏటా ఇంటింటికీ వచ్చి బోదకాలు మాత్రలు ఇస్తారు కదా. వేసుకున్నావా?"

"ఏసుకున్నాను" అన్నాడు చిన్నాన్న.

"కోడికేసినాడు" అంది పిన్ని.

డాక్టరు గారు పిన్ని వంక చూసి, ఆ కోడికి బోదకాలు రాదులెమ్మన్నారు. తరువాత జీడి బొబ్బలు చూసి నిజంగా కోప్పడ్డారు. ఇలాంటి కాలికి చిన్న గాయం అయినా క్రిములకు తలుపు తీసినట్టేనని, ఈ జ్వరం దానిదేనని, ఇంకొన్నాళ్ళు ఇలాగే గుచ్చుకుంటూ పోతే అప్పుడు నిజంగానే పెద్దకర్మం అయ్యేదని చెప్పారు. సూది వేశారు. కాలు రోజూ సబ్బుతో కడిగి తుడవాలి, పైకి పెట్టుకోవాలి, పాదం ఆడిస్తూ ఉండాలి, పట్టీ చుట్టాలి, నీళ్ళు హాయిగా తాగాలి. వాపు పూర్తిగా పోకపోవచ్చు గాని దీంతో చావడం ఉండదు.

చిన్నాన్న ఇంకా ఒప్పుకోలేదు. నీరు నీరే కదా, కాల్లో చెడిన నీరు రక్తంలో ఎందుకు కనపడలేదని నిలదీశాడు. బయట జనం పేరుకుపోతున్నారు. డాక్టరు గారు విసుగ్గా నా వైపు తిరిగి, "మీరు జువాలజీ కదమ్మా, చెప్పండి" అని తరువాతి మనిషిని పిలిచారు.

బస్సు కోసం కూర్చున్న బెంచీ మీద చెప్పడం మొదలుపెట్టాను. అలవాటు కొద్దీ ముందు గాల్లో నిలువు గీత గీశాను. చిన్నాన్న, పిన్ని ఇద్దరూ ఆ గీత గీసిన చోటనే చూస్తూ కూర్చున్నారు. లాభం లేదని తోటలోకి దిగాను.

"మన మోటారు వేస్తే పైపులో నీళ్ళు పారతాయి కదా. మోటారు గుండె. పైపులో నీళ్ళు ప్లాస్మా. ఒంట్లో పైపుకు కనపడని చిల్లులుంటాయి, అక్కడక్కడ నీరు ఊరి పాదుల్లోకి వెళుతుంది. చెట్టు తాగింది తాగాక మిగిలిన నీరు?"

"ఇసకలోకి ఇంకిపోద్ది."

"ఒంట్లో ఇంకడానికి ఇసక లేదు. మిగిలింది వాగులోకి, అదే గెడ్డలోకి చేరాలి, గెడ్డ తిరిగి మెడ దగ్గర రక్తంలో కలవాలి. ఆ గెడ్డ నీరే శోషరసం."

"గెడ్డకి మోటారున్నాదా?"

"లేదు."

"మోటారు నేకుండా గెడ్డ పాదం కాడ నుంచి మెడ కాడికి ఎలగెక్కుతాది? గెడ్డన్నాక దిగువకే పారతాది గదా."

నా క్లాసులో ఏ పిల్లవాడూ ఇంతవరకు అడగని ప్రశ్న. నడిచినప్పుడు పిక్క కండ నొక్కుతుందని, నొక్కినప్పుడల్లా నీరు కొంచెం పైకి జరుగుతుందని, వెనక్కి జారకుండా లోపల చిన్న చిన్న తలుపులు ఉంటాయని చెప్పాను. దోమ తెచ్చిన పురుగులు ఆ గెడ్డలో మకాం పెట్టి తలుపులు పాడు చేశాయని, అందుకే నీరు పోలేక కాలిలో నిలిచిందని చెప్పాను. పెద్ద పురుగులు అక్కడే ఉంటాయని, వాటి పిల్లలు మాత్రం రాత్రి పూట రక్తంలోకి షికారు వస్తాయని కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది.

చిన్నాన్న వంగి కాలి వంక చూశాడు. తరువాత పిన్ని వైపు తిరిగి, "మనకి పిల్లలు నేరని ఏడిసినావు గదే. ఇక్కడ ఓ సంసారమే ఉన్నాది" అన్నాడు.

పిన్ని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి రత్తం సూత్తే ఏల తెల్దు?" అని మళ్ళీ నా మీదికి వచ్చాడు.

"కిడ్నీలు వడకట్టేది రక్తంలో నీటిని. నీ రక్తంలో నీరు బంగారంలా ఉంది. గెడ్డ పొంగితే మోటారు దగ్గర నీళ్ళు చూస్తే ఏం కనిపిస్తుంది?"

"అదే గదమ్మీ నాను మొదటి నుంచీ మొత్తుకుంటన్నాను. రత్తం సూసినారు గానీ కాలు సూడనేదని" అంటూ బెంచీ మీద చరిచాడు.

దుప్పటి కప్పి దాచింది తనే అయినా, ఆ మాటలో నిజం ఉంది. అందుకే నాకు ఇంకా మండింది. బదులు తీర్చుకుందామని ఆయన సీసా సంగతి చెప్పాను. నువ్వు పట్టి తెచ్చింది గెడ్డ నీరు కాదు, కాలిన చోట రక్తనాళాల్లోంచి ఊరి బొబ్బలో నిండిన నీరు, చాలావరకు ప్లాస్మాలాంటిదే అన్నాను. ఆయన మొహం చూడాల్సింది. చావు కబురుకు కూడా అంత దిగులు పడలేదు.

"అంటే అంత మంట పడి నాను తీసినదీ రత్తం నీరేనా?"

"అదే."

"తొత్తు జీడి" అని జీడి మామిడి జాతిని మొత్తం తిట్టాడు. బస్సు వచ్చింది. ఎక్కే ముందు బడ్డీ కొట్టు దగ్గర ఆగి, మంచినీళ్ళ సీసా ఒకటి కొని ఎత్తిన సీసా దించకుండా తాగేశాడు. పిన్ని పక్కన నిలబడి ఆ గొంతు కదలడం చూస్తూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. బస్సు కండక్టరు మమ్మల్ని చూసి ఎవరో పోయారనుకుని సీటు ఇప్పించాడు.

జ్వరం తగ్గాక వైద్యం తనే చేతిలోకి తీసుకున్నాడు. కాలు పైకి పెట్టుకోమన్నారు కదా. దిండు మీద పెడితే పైకి అన్నట్టు ఉండదని, దూలానికి తువ్వాలు కట్టి అందులో కాలు వేలాడదీశాడు. గెడ్డ మెడ దగ్గర కలుస్తుందని చెప్పాను కదా, పూర్తిగా తలకిందులుగా వేలాడితే ఇంకా బేగి దిగిపోతుంది కదా అని ఫోన్ చేసి అడిగాడు. వద్దని అరిచాను. నెయ్యి తింటే పేగుల దగ్గర శోషరసం పాలలా తెల్లగా అవుతుందని ఎప్పుడో మాటల్లో అన్నాను. ఆ పూట పప్పులో గరిటెడు నెయ్యి పోయించుకుని, సాయంత్రం దాకా కాలు తెల్లబడుతుందేమోనని కాపు కాశాడు. చూడడానికి వచ్చినవాళ్ళు కూడా కూర్చుని కాపు కాశారట.

ఇచ్చిన వస్తువులు వెనక్కి అడగడం ఇంకో తలనొప్పి. గొడుగు వచ్చింది. సైకిలుకు మేనల్లుడు అప్పటికే ఆకుపచ్చ రంగు వేసి, వెనక తన పేరు రాయించుకున్నాడు, అలాగే తెచ్చి ఇచ్చాడు. మేకపోతును అడగడానికి వెళ్ళేసరికి అది కూరైపోయింది. "నీ పేరు సెప్పుకునే తిన్నాము బావా" అన్నారు పక్కింటివాళ్ళు, చాలా గౌరవంగా. ఊళ్ళో కొందరికి చిన్నాన్న బతకడం కొంచెం నిరాశగా ఉన్నట్టే తోచింది నాకు. భోజనం మళ్ళీ ఎప్పుడని ఒకడు అడిగాడు. "తిన్నదే లెక్క. నాను పోయినప్పుడు ఎవులూ రానక్కర్లేదు, మంచినీల్లు కూడా ఇవ్వరు" అని చిన్నాన్న రోడ్డు మీద నిలబడి ప్రకటించాడు. తగువు పడుతున్నాడంటే కోలుకున్నాడని పిన్నికి ధైర్యం వచ్చింది.

చెట్లు ఎక్కడం మాత్రం మానేశాడు. ఆ కాలికి గీసుకుంటే ప్రమాదం అని చెబితే ఎందుకో ఆ ఒక్క మాట విన్నాడు. ఇప్పుడు కింద నిలబడి, పైకి ఎక్కినవాళ్ళకు ఎలా ఎక్కాలో చెబుతాడు. అందుకని ఆయన తోటకు దింపుడు మనుషులు దొరకడం కష్టంగా ఉంది.

నేను వెళ్ళిన ఆదివారాల్లో పట్టీ నేనే చుడతాను. పాదం వేళ్ళ దగ్గర నుంచి మొదలుపెట్టి పైకి చుట్టుకుంటూ రావాలి, కింద బిగువు, పైకి వచ్చేకొద్దీ వదులు. మొన్న కూడా కాలు కడిగి, వేళ్ళ మధ్య తడి తుడిచి, నా ఒళ్ళో పెట్టుకుని చుడుతున్నాను. చిన్నాన్న మంచానికి ఆనుకుని రెండు కాళ్ళూ చాపి, ఆ లావు కాలినీ ఈ సన్న కాలినీ మార్చి మార్చి చూస్తున్నాడు. తగువుకు కొత్త సంగతి వెతుక్కుంటున్నాడనుకున్నాను.

"అమ్మీ."

"ఊ."

"మీ నాన్నకి కూడా ఒకటే వాసుంటే బాగున్ను."

నేను పట్టీని మడమ చుట్టూ తిప్పాను.

"ఇద్దరుమూ ఈ మంచం మీదే కాల్లు పైకెట్టుకుని కూకుందుము. ఎవులిది లావో తగువాడుకుందుము" అన్నాడు.

పట్టీ ఇంకా మోకాలి దాకా రావాల్సి ఉంది, చుడుతూ కూర్చున్నాను.